‘ఛార్జ్’ అనే ఒక్క ఇంగ్లిష్ మాటను వారంలో పూర్తిగా పట్టుకోవడం ఎలా?

ఇంగ్లిష్ మెరుగుపడాలంటే రోజుకు పది కొత్త మాటలు బట్టీ పట్టమంటారు. నేనైతే వద్దంటాను. పరీక్ష హాల్లో తప్ప ఇంకెక్కడా వినపడని మాట నేర్చుకుని ఏం చేసుకుంటాం? రోజూ నోట్లో నానే మాట ఒకటి తీసుకుని దాని ఆనుపానులన్నీ తెలుసుకోండి. ఇంటర్వ్యూలోనైనా, కస్టమర్ కేర్ ఫోన్లోనైనా తడుముకోకుండా బయటికి వస్తుంది.

ఈ వారానికి ‘ఛార్జ్’ తీసుకుందాం. గుంటూరు, విజయవాడల్లో ఇంగ్లిష్ ముక్క రానివాళ్లు కూడా పొద్దున లేచింది మొదలు అనే మాట ఇది. ఫోన్ ఛార్జింగ్, బస్సు ఛార్జీ, పోలీసుల ఛార్జిషీటు, లాఠీఛార్జి, జిల్లా ఇన్‌ఛార్జి మంత్రి. చిక్కంతా ఇక్కడే ఉంది. మాట ముందే తెలుసు కాబట్టి దాన్ని నేర్చుకోవాలని ఎవరికీ అనిపించదు. తెలుగులో వాడినట్టే ఇంగ్లిష్ వాక్యంలో పెట్టేస్తాం, సగంసార్లు తేడా కొడుతుంది.

కావలసినవి: ఒక నోట్‌బుక్కు, ఫోన్లో డిక్షనరీ, ఇంట్లో ఉన్న కరెంటు బిల్లు, పాత రైలు టికెట్టు.

1. మొదటి రోజు డిక్షనరీ ముట్టుకోవద్దు

ఆ రోజంతా ‘ఛార్జ్’ ఎక్కడ వినపడితే అక్కడ రాసుకోండి. మాట ఒక్కటే రాస్తే లాభం లేదు, అది వచ్చిన వాక్యం మొత్తం రాయండి. ఇలా ఉంటాయి:

“బ్రాడీపేటకి ఎంత ఛార్జ్ చేస్తావ్ బాబాయ్?”
“ఒక్క పర్సెంటే ఉంది, కాస్త ఛార్జింగ్ పెట్టమ్మా.”
“కొత్త తహసీల్దారు గారు నిన్న ఛార్జ్ తీసుకున్నారంట.”
“లారీ కిరాయి మాది, హమాలీ ఛార్జీలు మీవి.”

పేపర్లో జిల్లా పేజీ కూడా చూడండి. ఛార్జిషీటు, ఛార్జీల పెంపు ఏదో ఒక మూల దొరుకుతాయి. ప్రభుత్వాఫీసుల వార్తల్లో అధికారి పేరు పక్కన ‘ఎఫ్‌ఏసీ’ అని కనిపిస్తే అదీ రాసుకోండి. ఫుల్ అడిషనల్ ఛార్జ్ అని దాని విప్పు. సొంత సీటుకు తోడు ఇంకో సీటు బాధ్యత కూడా అప్పగించారన్నమాట.

రాత్రికి ఆ వాక్యాలను కుప్పలుగా విడదీయండి. డబ్బు ఒక కుప్ప, కరెంటు ఒకటి, బాధ్యత ఒకటి, నేరం ఒకటి, మీదికి దూకడం ఒకటి. దాదాపు అన్నీ ఈ ఐదింటిలో సర్దుకుంటాయి.

2. ఐదు కుప్పలనూ కలిపే మూలం పట్టుకోండి

లాటిన్‌లో ‘కార్రుస్’ అంటే బండి. దాన్నుంచి వచ్చిన క్రియ ‘కార్రికారే’, అంటే బండికి సరుకెత్తడం. అది పాత ఫ్రెంచి మీదుగా ఇంగ్లిష్‌లోకి ‘ఛార్జ్’ అయి వచ్చింది. కార్, కార్గో కూడా ఆ ఇంటివే.

గుంటూరు మిర్చి యార్డులో సీజన్‌లో ఒక పూట నిలబడితే ఈ మూలం కళ్లకు కడుతుంది. హమాలీ వంగి టిక్కీని, అంటే మిర్చి బస్తాను, వీపుకెత్తుకుని లారీలో వేస్తాడు. అసలు ‘ఛార్జ్’ ఆ పనే, ఒకరి మీదో ఒకదాని మీదో బరువు పెట్టడం. పెట్టే బరువు మారేకొద్దీ అర్థం మారుతూ పోతుంది. మనిషి మీద డబ్బు బరువు పెడితే రుసుము. పని బరువు పెడితే బాధ్యత. నేరం పెడితే అభియోగం. బ్యాటరీకి కరెంటు ఎక్కిస్తే ఛార్జింగ్. పాత రోజుల్లో తుపాకీలో కూరే మందును కూడా ఛార్జ్ అనేవారు. క్వారీల్లో రాయి పేల్చడానికి పెట్టే మందుకు ఇప్పటికీ అదే పేరు.

తెలుగువాడికి ఇది కొత్తగా ఉండకూడదు. నేరం ‘మోపాడు’ అంటాం, మోపంటే బరువే. పన్నుల ‘భారం’ అంటాం. బాధ్యత ‘నెత్తిన పెట్టారు’ అంటాం. మనమూ అదే దారిన వచ్చాం.

మూలం తెలిస్తే పక్క మాటలు ఉచితంగా వస్తాయి. ‘డిస్’ అంటే తీసేయడం కాబట్టి డిశ్చార్జ్ అంటే బరువు దించడం. ఆసుపత్రి నుంచి రోగిని పంపినా డిశ్చార్జే, ప్రకాశం బ్యారేజీ గేట్లెత్తి నీళ్లు వదిలినా డిశ్చార్జే. 2024 సెప్టెంబరు మొదట్లో బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చినప్పుడు వార్తల్లో ఆ మాట ఎన్నిసార్లు విన్నామో గుర్తు తెచ్చుకోండి. రీఛార్జ్ అంటే మళ్లీ ఎక్కించడం, ఫోన్‌కి బ్యాలెన్సు కావచ్చు, ఇంకుడు గుంతతో భూమిలోకి నీళ్లు కావచ్చు. ఓవర్‌ఛార్జ్ అంటే మితిమీరి ఎక్కించడం. బ్యాటరీ విషయంలోనూ అంతే, ఆటో బేరంలోనూ అంతే.

మీదికి దూకడం అనే అర్థం మాత్రం ఈ బండిలో ఇరకదు. దాన్ని లాఠీఛార్జితో జతచేసి విడిగా గుర్తుపెట్టుకోండి.

3. డిక్షనరీలో అర్థం వదిలేసి నమూనా చూడండి

ఇంగ్లిష్–తెలుగు నిఘంటువు తీస్తే రుసుము, అభియోగం, బాధ్యత, దాడి అని వరసగా ఇస్తుంది. అవి మీకు మొదటి రోజే దొరికాయి. మీకు కావలసింది, ఆ మాట తర్వాత ఏం రావాలి అన్నది. అందుకు ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, లాంగ్‌మన్ వాళ్లు విద్యార్థుల కోసం నెట్‌లో పెట్టిన లర్నర్స్ డిక్షనరీలు మేలు. డబ్బు కట్టక్కర్లేదు. వాటిలో కొన్నిచోట్ల ‘ఎస్‌బీ’, ‘ఎస్‌టీహెచ్’ అని పొట్టి గుర్తులు కనిపిస్తాయి. చాలామంది వాటిని దాటేసి కిందికి వెళ్తారు. నిజానికి పేజీలో పనికొచ్చేవి అవే. మొదటిది సమ్‌బడీ, అంటే మనిషి రావలసిన చోటు. రెండోది సమ్‌థింగ్, అంటే వస్తువో విషయమో రావలసిన చోటు. పెద్ద అక్షరం ‘సీ’ ఉంటే ఆ నామవాచకానికి బహువచనం ఉంటుందని, ‘యూ’ ఉంటే ఉండదని లెక్క.

ఇక ఒక్కో కుప్పకు నమూనా రాసుకుందాం. ఈ వారంలో ఎక్కువ సేపు కూర్చోవలసింది ఇక్కడే.

డబ్బు. ఛార్జ్, మనిషి, మొత్తం, ఫర్, దేనికో. ఇదీ వరస. “ది ఆటో డ్రైవర్ ఛార్జ్‌డ్ మి ఎయిటీ రుపీస్ ఫర్ ది రైడ్.” ఛార్జ్ తర్వాత నేరుగా మనిషి వచ్చేశాడు, మధ్యలో ఏమీ లేదు. మనం తెలుగులో “నా దగ్గర ఎనభై ఛార్జ్ చేశాడు” అంటాం కాబట్టి, ఆ ‘దగ్గర’ను వెంటబెట్టుకెళ్లి “ఛార్జ్‌డ్ ఫ్రమ్ మి” అనేస్తాం. కొందరు “ఛార్జ్‌డ్ టు మి” అంటారు. రెండూ కుదరవు. ‘టు’ వస్తే దాని వెనక మనిషి కాకుండా ఖాతా ఉండాలి. “ఛార్జ్ ఇట్ టు మై రూమ్” అని హోటల్లో అంటే, టిఫిన్ బిల్లు నా గది లెక్కలో రాయమని. ధర అడగాలంటే “హౌ మచ్ డు యు ఛార్జ్ ఫర్ స్టిచింగ్ ఎ బ్లౌజ్?” చాలు. ఊరికే ఇస్తే “ఫ్రీ ఆఫ్ ఛార్జ్”. అందులో ‘ఛార్జ్’కు ముందు ‘ఎ’ రాదు, చివర ‘స్’ రాదు. 2025 ఆగస్టు 15 నుంచి మన ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళల ప్రయాణం ఫ్రీ ఆఫ్ ఛార్జ్. ఇలా ఊరి సంగతితో ముడేస్తే మరిచిపోరు.

నేరం. ఛార్జ్, మనిషి, విత్, నేరం. “హి వజ్ ఛార్జ్‌డ్ విత్ థెఫ్ట్.” దీనికి తోడబుట్టినట్టుండే ‘అక్యూజ్’ మాత్రం ‘ఆఫ్’ అడుగుతుంది, “అక్యూజ్‌డ్ ఆఫ్ థెఫ్ట్” అని. తేడా ఒక్క విభక్తిదే అనుకోవద్దు. పక్కింటాయన కూడా మిమ్మల్ని అక్యూజ్ చేయొచ్చు. ఛార్జ్ చేయాలంటే చట్టం తరఫున ఎవరో ఉండాలి. మనం ఛార్జిషీటు అంటున్నది పోలీసులు దర్యాప్తు ముగించి కోర్టుకిచ్చే నివేదిక. పాత నేర విచారణ చట్టం సీఆర్‌పీసీలో అది 173వ సెక్షన్. దాని స్థానంలో 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 193. దాని తర్వాత కోర్టు అభియోగాలు ఖరారు చేయడాన్ని ‘ఫ్రేమింగ్ ఆఫ్ ఛార్జెస్’ అంటారు. రుజువు కావడం ఇంకా చాలా దూరం. ‘ఛార్జ్‌డ్’ అని చదివి శిక్ష పడిందనుకుంటే వార్తంతా తిరగబడుతుంది. మన ఇంగ్లిష్ పేపర్లు ‘ఛార్జ్‌షీటెడ్’ అని క్రియ కూడా చేసేశాయి. ఇక్కడ చెల్లుతుంది కానీ, లండన్‌లో ఉన్న మీ వదినగారికి ఆ మాట రాస్తే ఆవిడ పక్కవాళ్లను అడగాల్సిందే.

బాధ్యత. మనకు ఇన్‌ఛార్జి అంటే మనిషి. “మా స్టోర్ ఇన్‌ఛార్జి సెలవులో ఉన్నాడు.” మన దేశం దాటితే అది మనిషి పేరు కాదు, మనిషి ఉన్న స్థితి. ‘ఇన్’ వేరు, ‘ఛార్జ్’ వేరు, విడివిడిగా రాయాలి. “షి ఈజ్ ఇన్ ఛార్జ్ ఆఫ్ ది స్టోర్.” ఇద్దరున్నా “దే ఆర్ ఇన్ ఛార్జ్” అనే, ‘ఇన్‌ఛార్జెస్’ అనకూడదు. ఏదైనా గొడవై ఎవరితో మాట్లాడాలో తెలియనప్పుడు “హూ ఈజ్ ఇన్ ఛార్జ్ హియర్?” అని అడగండి, గొంతు పెంచక్కర్లేదు, ఆ ప్రశ్నకే బరువుంది. ‘టేక్ ఛార్జ్’కు మన ఆఫీసుల్లో పదవీ బాధ్యతలు స్వీకరించడం అని అర్థం. బయట మామూలు మాటల్లో పగ్గాలు చేతిలోకి తీసుకోవడమని. పెళ్లి వంటల దగ్గర అందరూ గాభరా పడుతుంటే పెద్దత్తయ్య కొంగు బిగించి గరిటె అందుకుంటుంది చూడండి, “షి టుక్ ఛార్జ్.”

ఫోన్. “మై ఫోన్ హాజ్ నో ఛార్జింగ్” అని మన కుర్రాళ్లంతా అంటారు. ‘ఛార్జింగ్’ అంటే ఎక్కుతూ ఉండటం. ఎక్కి ఉన్నది కాదు. బ్యాటరీ అయిపోతే “మై బ్యాటరీ ఈజ్ డెడ్” లేదా “మై ఫోన్ ఈజ్ అవుట్ ఆఫ్ ఛార్జ్”. ఛార్జింగ్ పెట్టమని చెప్పాలంటే “ప్లగ్ ఇట్ ఇన్” అంటే సరి. పెట్టి ఉంటే “ఇట్ ఈజ్ ఛార్జింగ్”, నిండితే “ఇట్ ఈజ్ ఫుల్లీ ఛార్జ్‌డ్”.

మీదికి దూకడానికి ‘ఎట్’ పెట్టొచ్చు. “ది బుల్ ఛార్జ్‌డ్ ఎట్ అస్.” దీనితో సంక్రాంతికి తప్ప పని పడదు, ముందుకు పోదాం.

4. పక్కన తిరిగే మాటల నుంచి విడదీయండి

పాత రైలు టికెట్టు ఇప్పుడు తీయండి. విజయవాడ నుంచి చెన్నైకి ఆన్‌లైన్‌లో తీసిన సూపర్‌ఫాస్ట్ స్లీపర్ టికెట్టు అనుకుందాం. మొత్తం డబ్బు ఎలా విడిపోయిందో చూస్తే అక్కడే పాఠం ఉంది. ప్రయాణానికి తీసుకున్నది ‘ఫేర్’. బెర్తు పేరు మీద రాసిపెట్టినందుకు 20 రూపాయలు ‘రిజర్వేషన్ ఛార్జ్’, బండి త్వరగా వెళ్తుందని 30 రూపాయలు ‘సూపర్‌ఫాస్ట్ ఛార్జ్’. నెట్‌లో బుక్ చేసే సౌకర్యానికి ఐఆర్‌సీటీసీ తీసుకునేది ‘కన్వీనియెన్స్ ఫీ’. బీమా తీసుకుంటే దానికి ‘ప్రీమియం’. తెలుగులో అన్నీ కలిపి రైలు ఛార్జీ అనేస్తాం. ఇంగ్లిష్‌లో మనిషి ఎక్కి వెళ్లడానికి ఇచ్చేది ఫేర్ ఒక్కటే. బస్ ఫేర్, ఆటో ఫేర్, ట్రెయిన్ ఫేర్. కాబట్టి “బస్ ఛార్జెస్ ఆర్ హైక్‌డ్” అన్న చోట “బస్ ఫేర్స్ హావ్ గాన్ అప్” అని మార్చుకోండి.

కరెంటు బిల్లులో ఎనర్జీ ఛార్జెస్, ఫిక్స్‌డ్ ఛార్జెస్, కస్టమర్ ఛార్జెస్ అని వరసగా ఉంటాయి. సేవకు లెక్కగట్టి వేసేవి కాబట్టి ఛార్జెస్. ఆ కిందే ‘ఎలక్ట్రిసిటీ డ్యూటీ’ అని ఉంటుంది, అది పన్ను కాబట్టి దానికి ఛార్జ్ అని పేరు పెట్టలేదు. బంగారం కొట్లో తరుగు, మజూరీ అంటాం కదా, ఆ మజూరీయే ‘మేకింగ్ ఛార్జెస్’. డాక్టరుకు, లాయరుకు, కాలేజీకి కట్టేది ‘ఫీ’. వస్తువు మీద ఉన్నది ‘ప్రైస్’. హెల్మెట్ లేకుండా బెంజ్ సర్కిల్లో దొరికితే కట్టేది ‘ఫైన్’. అన్నిటినీ ఛార్జ్ కింద కట్టేయొద్దు.

5. నోరు తిప్పండి

మనం మాట చివర అచ్చు చేర్చకుండా ఉండలేం, అందుకే ఛార్జీ అయింది. ఇంగ్లిష్‌లో ‘జ్’ దగ్గర ఆపేయాలి. బ్రిటిష్ వాళ్లు మధ్యలో ‘ర్’ పలకరు, ‘ఛా’ను సాగదీస్తారు. అమెరికా వాళ్లు పలుకుతారు. మీరు ఏది పట్టుకున్నా ఇబ్బంది లేదు. అసలు జాగ్రత్త ‘ఛార్జ్‌డ్’లో కావాలి, ‘ఛార్జెడ్’ అని రెండు ముక్కలు చేయకూడదు. ‘ఛార్జెస్’ మాత్రం రెండు ముక్కలే, చివర ‘ఇజ్’ లాగా వినపడాలి.

6. ఊళ్లో వాడండి

ఆటో బాబాయ్‌తో ఇంగ్లిష్ మాట్లాడమని చెప్పడం లేదు, నవ్వుకుంటాడు. బేరం తెలుగులోనే చేసి, దిగి నాలుగడుగులు వేశాక అదే సంగతి ఇంగ్లిష్‌లో మీలో మీరు చెప్పుకోండి. “హి ఆస్క్‌డ్ ఫర్ ఎ హండ్రెడ్. హి ఫైనల్లీ ఛార్జ్‌డ్ మి ఎయిటీ.” అరండల్‌పేట నుంచి లాడ్జి సెంటరు దాకా నడిచేలోపు ఇలాంటివి నాలుగు వస్తాయి.

బయటికి గట్టిగా వాడే అవకాశం కావాలంటే కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసినప్పుడు ఇంగ్లిష్ నొక్కండి. యూపీఐలో డబ్బు రెండుసార్లు కట్ అయితే “ఐ హావ్ బీన్ ఛార్జ్‌డ్ ట్వైస్ ఫర్ ది సేమ్ ఆర్డర్.” బ్యాంకు మెసేజీలో తెలియని కోత కనిపిస్తే “దేర్ ఈజ్ ఎ ఛార్జ్ ఆన్ మై అకౌంట్ దట్ ఐ డోంట్ రికగ్నైజ్. వాట్ ఈజ్ ఇట్ ఫర్?” మీ డబ్బు ఇరుక్కున్నప్పుడు ఇంగ్లిష్ తన్నుకుంటూ వస్తుంది, చూడండి. ఒక్కటి గుర్తుంచుకోండి: నంబరు బ్యాంకు కార్డు వెనక ఉన్నదో, పాస్‌బుక్కులో ఉన్నదో అయ్యుండాలి. నెట్‌లో వెతికి దొరికిన నంబరుకు చేయొద్దు.

స్నేహితులు దొరికితే ఇద్దరు చేరి ఒకరు దుకాణదారు, ఒకరు గిరాకీగా ఆడండి. ఎక్కువ తీసుకున్నాడని గిరాకీ తగాదా పెట్టాలి. “యు హావ్ ఓవర్‌ఛార్జ్‌డ్ మి” అనే వాక్యం ఆ ఆటలో తప్ప ఇంకెలాగూ నోటికి అలవాటు కాదు.

7. రెండు రోజులు వదిలి చూసుకోండి

నోట్‌బుక్కు మూసేసి రెండు రోజులు దాని జోలికి వెళ్లకండి. తర్వాత కింది ఖాళీలు నింపండి. కొన్ని చోట్ల ఏమీ రాకపోవచ్చు, అదీ జవాబే.

ఒకటి: “ది షాప్ ఛార్జ్‌డ్ ____ మి ఫిఫ్టీ రుపీస్ ఎక్స్‌ట్రా.”
రెండు: “టూ మెన్ వర్ ఛార్జ్‌డ్ ____ చీటింగ్.”
మూడు: “మై సిస్టర్ ఈజ్ ____ ఛార్జ్ ____ ది అకౌంట్స్ సెక్షన్.”
నాలుగు: “బటర్‌మిల్క్ ఈజ్ సర్వ్‌డ్ ఫ్రీ ____ ఛార్జ్.”
ఐదు: “ది గుంటూరు–తెనాలి ట్రెయిన్ ____ ఈజ్ వెరీ లో.”
ఆరు: “ఐ కాంట్ కాల్ యు, మై ఫోన్ ఈజ్ అవుట్ ఆఫ్ ____.”

జవాబులు: ఒకటో దానిలో ఏమీ రాదు. రెండు విత్. మూడు ఇన్, ఆఫ్. నాలుగు ఆఫ్. ఐదు ఫేర్. ఆరు ఛార్జ్, ‘ఛార్జింగ్’ అని రాస్తే తప్పే. ఒకటి, రెండు కుదిరితే మిగతావాటిలో ఒకటి పోయినా ఫర్వాలేదు, వచ్చే సోమవారం ‘క్లియర్’ మొదలుపెట్టండి. బ్యాంకులో చెక్కు క్లియర్, రోడ్డు మీద ట్రాఫిక్ క్లియర్, కాలేజీలో బ్యాక్‌లాగ్ క్లియర్ అని దానికీ వాక్యాలు రాసుకుంటూ పోండి. ఒకటి, రెండు జవాబుల్లో ఏదైనా తప్పితే మాత్రం మూడో మెట్టులో డబ్బు, నేరం కుప్పలు మళ్లీ చదివి, ఒక్కో నమూనాకు మీ వీధిలో జరిగిన సంగతితో మూడేసి వాక్యాలు రాయండి.